నెల సరుకులు డిస్కౌంట్ స్టోర్‌లో తీసుకుంటే నిజంగా మిగులుతుందా? (విజయవాడ)

పటమట కోడలు:

నమస్కారం అండీ. మేం పటమటలో అద్దెకుంటాం. అత్తగారు, మా ఆయన, నేను, ఐదో తరగతి చదివే బాబు. పెళ్లై వచ్చినప్పటినుంచీ సరుకులన్నీ మా సందు చివర కిరాణా కొట్లోనే తెస్తాం, పుస్తకంలో రాయించుకుని జీతం పడ్డాక కట్టేస్తాం. ఈమధ్య బియ్యం, కూరగాయలు కాకుండానే బిల్లు ఎనిమిది వేలు దాటిపోతోంది. మా ఆడపడుచు భవానీపురంలో ఉంటుంది, ఫోన్ చేసినప్పుడల్లా డీమార్ట్‌కి వెళ్లండి వదినా సగానికి సగం తగ్గుతుంది అని ఒకటే పోరు. సగం అంటే నాకు నమ్మకం లేదు. అక్కడికెళ్లినవాళ్లు కావాల్సినవి నాలుగు, అక్కర్లేనివి పద్నాలుగు తెచ్చుకోవడం కూడా చూస్తూనే ఉన్నాను.

అసలు ఏవి అక్కడ కొంటే లాభం, ఏవి దండగ? ఇంకో మొహమాటం, కొట్టాయన్ని ఒక్కసారిగా మానేస్తే రేపు నెలాఖరున నూనె ప్యాకెట్ అప్పు అడగడానికి మొహం చెల్లదు.

లెక్కల పురుగు:

సగం అనేది ఉత్తమాట అండీ. మిగులు ఎక్కడ వస్తుందంటే ఎమ్మార్పీ అచ్చేసి ఉండే కంపెనీ సరుకులో వస్తుంది. సబ్బులు, బట్టల పొడి, పేస్టు, టీ పొడి, నూనె ప్యాకెట్లు, బిస్కెట్లు, హార్లిక్స్ లాంటివి. మన కొట్టాయన వీటిని ఎమ్మార్పీకే అమ్ముతాడు, తప్పేం లేదు, డీలర్ దగ్గర ఆయనకి మిగిలేదే కొంచెం. డీమార్ట్ వాళ్లు సరుకు భారీగా ఎత్తుతారు, కంపెనీలకి డబ్బులు త్వరగా కట్టేసి ఆ మేరకు రేటు తగ్గించుకుంటారు, స్టోర్లు చాలావరకు సొంత భవనాల్లోనే ఉంటాయి కాబట్టి అద్దెల గోల తక్కువ. ఆ తగ్గింపులో కొంత మనదాకా వస్తుంది. మీ ఎనిమిది వేలల్లో ఇలాంటి సరుకు సగం ఉందనుకుందాం, దానిమీద పది పన్నెండు శాతం తగ్గినా నాలుగైదు వందలు. నెలకి ఆ మాత్రం వస్తే మంచిదే, అంతకుమించి ఆశ పెట్టుకోకండి. పప్పులు, పంచదార, రవ్వల్లో పెద్ద తేడా ఉండదు, కొన్నిసార్లు వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లలోనే తక్కువ.

ఆఫర్ బోర్డులు చూడకండి, ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో గ్రాముకి ఇంత, మిల్లీలీటరుకి ఇంత అని వేస్తున్నారు చూడండి, అది చూడండి. ముఖ్యంగా నూనె. లీటరు ప్యాకెట్ అంటే 910 గ్రాములు ఉండాలి. ఇప్పుడు పక్కపక్కనే 850 గ్రాములవీ, 800 గ్రాములవీ పెడుతున్నారు, చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, రేటు తక్కువ కదా అని చెయ్యి దానిమీదకే వెళ్తుంది. పెద్ద ప్యాకెట్ అయితే చవక అనే లెక్క కూడా ప్రతిసారీ నిజం కాదు. షాంపూనే తీసుకోండి, చాలా బ్రాండ్లలో రూపాయి సాచెట్లు సీసా కంటే చవక పడతాయి, నమ్మకపోతే మిల్లీలీటర్లు కలిపి చూసుకోండి. మా ఇంట్లో సీసాలు మానేశాం, దండలు దండలుగా సాచెట్లే.

ఇంకోటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి సబ్బులు, షాంపూ, పేస్టు, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది, నెయ్యి 12 నుంచి 5కి వచ్చింది. మీ కొట్లో పాత ఎమ్మార్పీ ఉన్న స్టాకు ఇంకా ఎక్కడైనా కనిపిస్తే పాత రేటు కట్టకండి, అడగండి.

బ్రాడీపేట నాలుగో లైను:

పై ఆయన చెప్పింది బాగానే ఉంది కానీ సబ్బుల దగ్గర నాలుగొందలు మిగుల్చుకుని మినపగుళ్ల దగ్గర పోగొట్టుకుంటే ఏం లాభమండీ? మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఉండి ఏడాది సరుకు కూడా నెలనెలా ప్యాకెట్లలో కొనుక్కోవడం నాకైతే అర్థం కాదు. డెల్టాలో వరి కోశాక వేసే మినుము ఫిబ్రవరి, మార్చిలో ఇంటికొస్తుంది, కందులు జనవరి, ఫిబ్రవరిలో, కొత్త చింతపండు ఎండలు ముదిరే లోపు. మిరపకాయలు సంగతి చెప్పక్కర్లేదు, మా గుంటూరు మిర్చి యార్డుకి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా బస్తాలే బస్తాలు. యార్డులో బస్తాల లెక్కన కమీషన్ కొట్ల ద్వారానే వ్యాపారం, చిల్లరగా ఇవ్వరు, బయట కొట్లలో దొరుకుతాయి. ఘాటుకి తేజ, రంగుకి బ్యాడిగి, రెండూ కలిపి ఎండబెట్టి మిల్లులో పట్టించుకుంటే ఆ కారం ముందు ప్యాకెట్ కారం ఎందుకూ పనికిరాదు. ఏడాదిది ఒకేసారి పట్టించకండి, కాయలుగానే దాచి మూణ్నాలుగు నెలలకోసారి పట్టించుకోండి, రంగు పోదు.

బియ్యం బస్తా 26 కిలోలే ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? 2022 జూలై నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడింది, ఆ పైన ఉన్నదానికి లేదు. అందుకని మిల్లులవాళ్లు ఒక కిలో ఎక్కువ పోసి కుట్టేశారు. కాబట్టి సూపర్ మార్కెట్‌లో అయిదు కిలోలు, పది కిలోల సంచులు కొంటే ఆ పన్నూ, ఆ సంచీ ఖర్చూ మీరే కడుతున్నట్టు. మిల్లు దగ్గరో, బియ్యం కొట్లోనో బస్తాగా తీసుకోండి. పాత బియ్యం అంటే పాత బియ్యమేనా అని గుప్పెడు వండి చూసి మరీ తీసుకోండి, అది కూడా ముద్దైపోతే మీ అత్తగారు మిమ్మల్నే అంటారు 😀

కొట్టింటి పిల్ల:

మాది సత్యనారాయణపురంలో కిరాణా కొట్టు, నాన్న తర్వాత ఇప్పుడు అన్నయ్య చూస్తున్నాడు. అందుకని మా వైపు మాట కూడా చెప్తాను, తిట్టుకోకండి.

అక్కా, మీరు మానేస్తున్నారని ఆయనకి మీరు చెప్పక్కర్లేదు, సబ్బులు రాయించడం ఆగిపోగానే ఆయనకే తెలిసిపోతుంది. మా కొట్లో సగం మంది అలాగే చేస్తున్నారు. మాకు బాధ అనిపించేది మీరు అక్కడ కొన్నందుకు కాదు, నగదంతా అక్కడ కట్టేసి, అప్పు మాత్రం మా దగ్గర పెట్టి, అదీ రెండు నెలలు లాగినందుకు. కంపెనీ సరుకులో మాకు వచ్చేది చాలా తక్కువ, అది పోయినా పెద్దగా నష్టం లేదు. లూజు పప్పులు, పోపు దినుసులు, బెల్లం, నెయ్యి, వీటిలోనే మాకు నాలుగు రూపాయలు. అవి ఆయన దగ్గరే ఉంచి, అవి నగదుకి కొంటాను రేటు చూసి వెయ్యండి అని అడిగి చూడండి. అప్పు వడ్డీ కూడా కలుపుకునే కదా మేం రేటు చెప్పేది! నగదు అనగానే కిలోకి నాలుగైదు రూపాయలు ఎవరైనా తగ్గిస్తారు. పప్పు ఉడక్కపోతే తెచ్చి మొహాన కొట్టినా తీసుకునేది మేమే, పెద్ద స్టోర్లలో ప్యాకెట్ కోశాక బిల్లు చూపించమని, మేనేజర్ లేడని తిప్పుతారు. మా పిన్నికి ఒక స్టోర్‌లో అదే అయింది.

ఆటో ఖర్చు కూడా వేసుకోండి. రానూపోనూ రెండొందలైతే లెక్కల పురుగు గారు చెప్పిన నాలుగొందల్లో సగం అక్కడే హుష్.

సింగ్‌నగర్ ఫ్లైఓవర్:

ఆటో ఎందుకండీ? ఆడవాళ్లకి 2025 ఆగస్టు 15 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీనే కదా, ఆధార్ చూపిస్తే చాలు. పదిహేను కిలోల సంచులు మోసుకుని బస్సెక్కడం మాత్రం మీ ఓపిక.

ఆదివారం సాయంత్రం, ఒకటో తారీఖు తర్వాతి వారం అసలు వెళ్లకండి, బిల్లింగ్ క్యూలోనే గంట, ఆ గంటలో పిల్లలు పక్కన వేలాడే చాక్లెట్లన్నీ ట్రాలీలో వేస్తారు. వారం మధ్యలో పొద్దున్నే, బాబు బడికి వెళ్లాక వెళ్లండి. డ్రెస్సులు, ప్లాస్టిక్ డబ్బాలు ఉన్న వైపు తిరక్కండి, మీ మిగులంతా మింగేది ఆ వైపే. కూరగాయలు అక్కడ కొనకండి, మీకు పటమట రైతు బజార్ దగ్గరే ఉంది, బోర్డు మీద ఆ రోజు రేట్లు రాసే ఉంటాయి, అది చూసుకునే బేరం.

పటమట కోడలు:

అందరికీ థాంక్స్ అండీ. కొట్టింటి పిల్లా, నువ్వు చెప్పినట్టే చేస్తా. పప్పులు, పోపు సామాన్లు ఆయన దగ్గరే, సబ్బులు, నూనె, టీ పొడి రెండు నెలలకి సరిపడా ఒకేసారి స్టోర్‌లో. మా అత్తగారు ఎలాగూ ప్యాకెట్ పప్పు ఒప్పుకోరు, అది లూజుదే అయ్యుండాలి, ఆవిడ నోట్లో వేసుకుని కొరికి చూడాలి.

బ్రాడీపేట అండీ, ఏడాది మినపగుళ్లు అంటే మా ముగ్గురు పెద్దవాళ్లకి మరీ ఎక్కువ, పురుగు పట్టేస్తాయి. పటమట వైపు ఎవరైనా ఉంటే మార్చిలో గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్స్‌లో ఒక బస్తా తీసుకుని పంచుకుందాం, ఎవరైనా ఉన్నారా?

ఆటోనగర్ గేటు:

మేమున్నాం అండీ. మాకు పది కిలోలు కావాలి, పొట్టువి అయితేనే. బండి మాదే తెస్తాం, పెట్రోలు సగం మీరు.