వంకర తిరిగిన కాలును సరిచేసి బద్ద కట్టాలా, ఉన్నదున్నట్టే కట్టాలా?

కొండదారి: ఎముక విరిగి చెయ్యో కాలో వంకర తిరిగితే అలాగే బద్ద కట్టమని ప్రథమ చికిత్స క్లాసులో చెప్పారు. వంకరకి బద్ద ఆనేదెలా? మెల్లగా లాగి సరిచేస్తే నొప్పీ తగ్గుతుంది కదా.

సుధారాణి: లాగొద్దండీ. విరిగిన కొన పదునుగా ఉంటుంది, పక్కనే నరాలు, రక్తనాళాలు. మా తమ్ముడి దండచెయ్యి విరిగితే ఎవరో ఒకాయన సర్దేస్తానని లాగాడు. ఆ తర్వాత మణికట్టు పైకి లేవలేదు. రేడియల్ నరం దెబ్బతిందన్నారు. సందుల్లో తువ్వాలు మడిచి పెడితే బద్ద ఆనుతుంది. విరిగినచోటికి పైనా కిందా ఉన్న కీళ్లు కదలకుండా కట్టాలి.

చిన్నోడు: ఐస్ పెట్టొచ్చా?

నర్సమ్మ: గుడ్డలో చుట్టి, ఒక్కోసారి 20 నిమిషాలు మించకుండా. వాపు రాకముందే ఉంగరం, వాచీ తీసేయండి. ఆపరేషన్ పడొచ్చు, తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వొద్దు.

కొండదారి: సుధారాణి గారూ, రేడియల్ నరం దండ ఎముకని ఆనుకునే పోతుంది. ఎవరూ లాగకపోయినా దెబ్బతినొచ్చు. లాగడం వల్లే అని ఎలా చెప్తారు?

సుధారాణి: లాగకముందు వాడు మణికట్టు ఎత్తాడు. నేను పక్కనే ఉన్నాను, మీరు లేరు!

చిన్నోడు: ఎముక బయటికొస్తే లోపలికి నెట్టాలా?

నర్సమ్మ: అస్సలొద్దు. శుభ్రమైన గుడ్డ కప్పండి. రక్తం కారుతుంటే ఎముక మీద కాదు, చుట్టూ అదమండి.

కొండదారి: నేను లేను, నిజమే. మా నాన్న దగ్గర ఉన్నాను. ట్రెక్కింగ్‌లో చీలమండ విరిగి పాదం పక్కకి తిరిగిపోయింది. చల్లబడి పాలిపోయింది, నాడి అందలేదు. అంబులెన్స్ రావాలంటే గంటలు. చుట్టూ ఉన్నవాళ్లంతా ముట్టుకోకూడదంటూ నిలబడ్డారు. రక్తం అందక 6 గంటలు దాటితే కండరం కోలుకోవడం కష్టం. ఆ "ముట్టుకోకూడదు" మీదే నా కోపం.

సుధారాణి: అది మొదటే చెప్పాల్సింది. మీరు అడిగింది వంకర గురించి. ఇది రక్తం ఆగిపోవడం, వేరే సంగతి.

నర్సమ్మ: అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2015 ప్రథమ చికిత్స మార్గదర్శకాలు మామూలుగా కదపొద్దనే అన్నాయి. సాయం చాలా దూరమైనా, రక్తప్రసరణ దెబ్బతిన్నా శిక్షణ ఉన్నవాళ్లు కదపాల్సి రావచ్చని మినహాయింపు ఇచ్చాయి. ఏది చేసినా కట్టకముందూ కట్టాకా నాడి, స్పర్శ, వేళ్ల కదలిక చూడాల్సిందే.

కొండదారి: శిక్షణ అంటే ఎంత? ఒకపూట క్లాసు చాలా?

సుధారాణి: చాలదు. మా తమ్ముడి చెయ్యి లాగినాయనా క్లాసుకి వెళ్లొచ్చిన మనిషే. డాక్టరు ఫోన్లో ఉండి చెప్పిస్తే తప్ప ఎవరూ లాగకూడదు. సిగ్నల్ లేనిచోట ఏం చేయాలంటారు, తెలుసు. అయినా నా మాట మార్చుకోను.