అప్‌డేట్: అత్తమ్మకు ఇప్పుడు తీరిక లేదు

పల్లె నుంచి హైదరాబాద్‌లోని మా అపార్ట్‌మెంట్‌కు వచ్చాక అత్తమ్మ మాట్లాడే మనిషి లేక దిగులుగా ఉంటున్నారని, ఏం చేయాలని అడిగాను కదా. బతుకమ్మ పనులు ఆమె చేతిలో పెట్టమని మీలో చాలామంది చెప్పారు. అలాగే చేశాం.

మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ నాడు, అత్తమ్మ కిందికి రావడానికే మొహమాటపడ్డారు. తంగేడు, గునుగు, బంతి ఏ వరుసలో పేర్చాలో ఎవరికీ సరిగ్గా తెలియలేదు. ఇక ఆగలేక, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని తనే కూర్చున్నారు.

అసలు నవ్వు ఆరో రోజున. ఆ రోజు అలిగిన బతుకమ్మ, నైవేద్యం పెట్టరు. పార్కింగ్ గొడవతో మాటలు మానేసిన ఇద్దరు ఆడవాళ్లను చూసి, "అమ్మవారు ఒక్కరోజే అలుగుతుంది. మీరు ఇంకెన్ని రోజులమ్మా?" అన్నారు అత్తమ్మ. ముందు వాళ్లిద్దరే నవ్వారు! చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాటికి ఒకరి పులిహోర ఇంకొకరి గిన్నెలో ఉంది.

ఆ రాత్రి అత్తమ్మ కళ్లల్లో వెలుగు చూసి నాకు ఏడుపొచ్చింది. సలహా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ మనస్ఫూర్తిగా థాంక్స్.

సంక్రాంతికి సకినాలు నేర్పమని పక్క ఫ్లాట్ల వాళ్లు ఇప్పటికే అడిగారు. నువ్వులు, వాము తెచ్చే పని నాది.