దిష్టిబొమ్మకు చెప్పుల దండ వేసి తగలబెడితే నేరమా? తెలిసినవాళ్లు చెప్పండి

నమస్కారమండీ. పది రోజులు తాగునీళ్లు రాకపోయేసరికి మా తమ్ముడూ వాడి స్నేహితులూ ఓ నాయకుడి దిష్టిబొమ్మ చేశారు. పాత చొక్కాలో గడ్డి కుక్కి, మెడలో తెగిన చెప్పుల దండ వేసి, సెంటర్లో తగలబెట్టారు. ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదు.

ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 223 (అధికారి ఉత్తర్వును ధిక్కరించడం), 285 (దారిలో అడ్డంకి లేదా ప్రమాదం కలిగించడం) సెక్షన్ల కింద కేసు. జెండానో రాజ్యాంగాన్నో తగలబెడితే జాతీయ గౌరవాన్ని అవమానించడాన్ని నిరోధించే 1971 చట్టం కింద మూడేళ్ల దాకా జైలని తెలుసు. గడ్డిబొమ్మకు అది వర్తించదు కదా? చెప్పుల దండను, భావప్రకటన స్వేచ్ఛకు పరిమితులు పెట్టే రాజ్యాంగం 19(2) అధికరణలోని ‘సభ్యత’, ‘పరువు నష్టం’ కిందికి లాగుతారా?

223కి సంబంధిత అధికారి రాతపూర్వక ఫిర్యాదు లేకుండా కోర్టు విచారణకు తీసుకోకూడదట. అదే పట్టుకుని హైకోర్టులో క్వాష్ పిటిషన్ (కేసు కొట్టేయమని) వేయొచ్చా? వాడు డిగ్రీ ఆఖరి ఏడాది. అమ్మ అన్నం ముట్టడం లేదు. లాయర్లెవరైనా ఉంటే దయచేసి చెప్పండి.