తివిరియా, తివిచియా? అరిగిన మర దగ్గర ఆగిన పద్యపాదం

(విశాఖ గుంపులో చర్చ. మాట్లాడేవారి పేర్లన్నీ ఊళ్లోని చోట్ల పేర్లే.)

సీతమ్మధార:
కార్లలో ఆంప్లిఫయర్లు బిగించే కుర్రాళ్ల కోసం తెలుగులో ఒక పేజీ తయారవుతోంది. టెర్మినల్లో (వైరు దూర్చి బిగించే దిమ్మలో) అరిగిపోయిన మరను, అంటే స్క్రూను, బోర్డు పాడవకుండా బయటికి తీయడం ఎలా అన్నది విషయం. పైన శీర్షికగా ఒక తేటగీతి పాదం పెట్టాలని ఉంది: "తివిరి యరిగిన మరనైన దీయవచ్చు". ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన భర్తృహరి పద్యం "...ఇసుమున తైలంబు దీయవచ్చు"కి పేరడీ అని ఈ గుంపులో చెప్పక్కర్లేదు. చిక్కంతా మొదటి మాటతోనే. అసలు పద్యంలో ఉన్నది "తివిరి"యా, "తివిచి"యా? చెవిలో రెండూ మోగుతున్నాయి. రేపు సాయంత్రం అచ్చుకి వెళ్లాలి.

ఉక్కునగరం:
తివిరి. ఇందులో అనుమానం ఎందుకొచ్చిందో! తివురు అంటే యత్నించు, పూనుకొను. సంస్కృత మూలంలో భర్తృహరి "యత్నతః పీడయన్" (ప్రయత్నించి పిండుతూ) అన్నాడు, ఆ "యత్నతః"ని లక్ష్మణకవి తివిరి చేశాడు. అయిపోయింది.

ఎర్రమట్టి దిబ్బలు:
అంత సులువుగా అవలేదు ఉక్కునగరం గారూ. మూలంలో ఉన్నవి రెండు మాటలు, యత్నతః ఒకటి, పీడయన్ ఒకటి. 17 అక్షరాల పృథ్వీ వృత్త పాదాన్ని తెచ్చి తేటగీతిలో 14 అక్షరాల్లో కూర్చోబెట్టాలి. మొదటి సూర్యగణంలో ఉన్నది మూడు లఘువుల చోటు. ఆ మూడింటిలో కవి దేన్ని ఉంచాడు, దేన్ని వదిలాడు? తివిచి కూడా మూడు లఘువులే. "దీ"తో యతి కలవడానికి "తి" కావాలి, అది రెండింటికీ ఉంది. ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు.

ఉక్కునగరం:
ఛందస్సు చెప్పకపోతే అర్థం చెప్తుంది. తివుచు అంటే లాగు. ఇసుకని గానుగలో వేసి పిండుతారు గాని లాగుతారా? పైగా పాదం చివర "దీయవచ్చు" ఉండనే ఉంది. లాగి తీయడమంటే ఒకే పనిని రెండుసార్లు చెప్పినట్టు. లక్ష్మణకవి అలాంటి దుబారా చెయ్యడు.

కంచరపాలెం:
ఏటండీ, మొదటి మాట పట్టుకుని వేలాడతన్నారు, రెండో మాట సంగతి చూడరేటి? "అరిగిన మర" అంటే ఏది అరిగింది? షాపుల్లో "స్లిప్పయిపోయింది" అన్న ఒక్క మాటతో రెండు జబ్బులు చెప్తారు. ఒకటి, పైనున్న ఆరు పలకల గుంట గుండ్రంగా అయిపోవడం. ఎల్-కీ (ఆ గుంటలో పెట్టి తిప్పే ఎల్ ఆకారం కడ్డీ) గిర్రున తిరుగుద్ది, మర మాత్రం బిగిసి కూర్చుంటాది. రెండోది, ఒంటిమీది చుట్లు పోవడం. మర తిరుగుద్ది గాని పైకి రాదు. మొదటిదానికి పట్టు కావాలి, రెండోదానికి తిప్పుతూ పైకి లాగాలి. పేజీలో ఈ రెండూ విడదీయకపోతే చదివినోడు చుట్లు పోయిన మరకి సుత్తి దెబ్బలేసి, కింద బోర్డు పగలగొట్టేస్తాడు.

ఎర్రమట్టి దిబ్బలు:
చూశారా! రెండో జబ్బుకి "తివిచి"యే సరైన మాట.

ఉక్కునగరం:
మర కోసం భర్తృహరి పాఠం మార్చకండి బాబూ.

ఆశీల్‌మెట్ట:
ఒక చిన్న సవరణ. పై ధరల ఆంప్లిఫయర్లలో కరెంటు వైరు దూరే చోట చాలావరకు గ్రబ్ స్క్రూలే ఉంటాయి. అవి తలలేని మరలు. కాబట్టి "తల అరిగింది" అని రాయకండి, "గుంట అరిగింది" అనండి. అది అరగడానికి కారణం మొండి బలం ఒక్కటే కాదు, కొలత తేడా కూడా. 2.5 ఎం.ఎం. గుంటలో అంగుళాల సెట్టులోని 3/32 కీ దూరుతుంది. దాని కొలత 2.38. పట్టినట్టే అనిపించి మూలలు కొట్టేస్తుంది. 3 ఎం.ఎం. గుంటలో 7/64 కీ కూడా ఇదే పని చేస్తుంది, అది 2.78. మొదటి బిగువు విప్పేటప్పుడు గుండు కొన ఉన్న కీ వాడకూడదు, పొట్టి చదును కొన కీయే వాడాలి. ఇక మన విశాఖలో బీచి రోడ్డు ఉప్పుగాలికి గుంట అడుగున పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. కీ పూర్తి లోతుకి దిగదు, పైపైనే పట్టి జారుతుంది. ముందు గుండుసూదితో ఆ మట్టి తవ్వి తీయాలి. చాలా మరలకి అసలు జబ్బు అంతే.

సీతమ్మధార:
రాసుకుంటున్నాను. ఇంకా?

ఆశీల్‌మెట్ట:
అన్నిటికంటే ముందు బ్యాటరీ నెగటివ్ విప్పాలి. తాళం తీసేశాం కదా అనుకుంటారు గాని, ఆంప్లిఫయర్ లావు వైరు నేరుగా బ్యాటరీ నుంచే వస్తుంది. తాళంతో దానికి పనిలేదు. ఎల్-కీ ఒక కొన పాజిటివ్ మర మీద, రెండో కొన బాడీకి తగిలితే కీ అక్కడే అతుక్కుంటుంది. తర్వాత బ్యాటరీ దగ్గరి ఫ్యూజు తీసి, లోపలి కెపాసిటర్లు ఖాళీ అవడానికి కొన్ని నిమిషాలు ఆగాలి.

అరిగిన గుంటకి నాకు నచ్చే మందు టార్క్స్ బిట్, అంటే ఆరు కొనల నక్షత్రం ఆకారం బిట్. 2.5 గుంటకి టి10, 3 గుంటకి టి15, 4 గుంటకి టి25. టి10 కొన నుంచి కొనకి సుమారు 2.7 ఎం.ఎం. ఉంటుంది. పలకల మధ్య 2.5, మూలల మధ్య 2.9 దగ్గర ఉన్న గుంటలోకి అది కోసుకుంటూ దిగి కొత్త పట్టు చేసుకుంటుంది. చిన్న సుత్తితో ఒకటి రెండు తట్లు చాలు. కాని టెర్మినల్ దిమ్మ బోర్డుకి సోల్డరుతో అతికి ఉంటుందన్నది మరిచిపోకూడదు. కింద ఆనిక లేకుండా కొడితే మర వస్తుంది, సోల్డరు జాయింటు కూడా చిట్లుతుంది. కుదిరితే వైరుని టెర్మినల్ నుంచి రెండు మూడు సెంటీమీటర్లు వదిలి కత్తిరించేసి, ఆంప్లిఫయర్‌ని బల్లమీదికి తెచ్చుకోవడం మేలు.

కంచరపాలెం:
ఇంకో కిటుకు ఉందండి, దీన్ని ఎవరూ చెప్పరు. మర ఎందుకు బిగిసి ఉంది? కింద నలిగిన వైరు పైకి తంతాది గనక. కత్తిరించిన వైరు ముక్కలోంచి సన్నముక్కు ప్లయరుతో రాగి పోగులు ఒక్కొక్కటే లాగేయండి. సగం పోగులు వచ్చేసరికి మర మీది బరువు పోద్ది. అప్పుడు సగం అరిగిన గుంటలో కూడా కీ పని చేస్తాది. సుత్తి అక్కర్లేదు, డ్రిల్లూ అక్కర్లేదు.

ఎర్రమట్టి దిబ్బలు:
పోగులు లాగి మర తీయడం. తివిచి తీయడం. నేనేమీ అనడం లేదు, మీరే అంటున్నారు.

ఉక్కునగరం:
పోనీ తివిచి అనుకుందాం. మూడో పాదం "తిరిగి కుందేటి కొమ్ము", అక్కడ మూలంలో "పర్యటన్" (తిరుగుతూ). రెండో పాదంలో "పిపాసార్దితః" (దాహంతో అల్లాడేవాడు) ఉన్న చోట "తవిలి". ప్రతి పాదంలోనూ మొదటి మాట మనిషి స్థితి చెప్తుంది: పూని, ఆశపడి, ఊళ్లు తిరిగి. చేతి పని చెప్పదు. ఈ వరసలో లాగడం ఎక్కడ కుదురుతుంది?

ఎర్రమట్టి దిబ్బలు:
ఇది మంచి వాదన, ఒప్పుకుంటాను. కాని తిరగడం కూడా కాళ్లు చేసే పనే కదా! భర్తృహరిని తెలుగు చేసిన ముగ్గురిలో మీరెప్పుడూ లక్ష్మణకవినే పట్టుకుంటారు. ఎలకూచి బాలసరస్వతి "సురభిమల్లా నీతివాచస్పతీ" అని పద్యం పద్యానికీ మకుటంతో పిలుస్తుంటే పట్టించుకునేవాడు లేడు. పుష్పగిరి తిమ్మన సంగతి సరేసరి. లక్ష్మణకవి పెద్దాపురం వాడు కాబట్టి గోదావరి గాలి మనదాకా కొట్టిందంటారు, అంతేనా?

ఉక్కునగరం:
నోటికి రావడం కూడా ఒక గుణమే. వృత్తం దిగిపోయి తేటగీతిలో నడిచాడు గనకే ఆ పద్యం ఎల్-కీ పట్టినవాడి నోట్లో కూడా ఉంది. మకుటం మోసే పద్యం పేరడీకి లొంగదు.

కైలాసగిరి:
ఆలస్యంగా వచ్చాను. మర అన్న మాటకే నా అభ్యంతరం. పిండిమరలో మర యంత్రం. మరమేకులో మర చుట్టు. శీర్షికలో ఒంటరిగా "మర" అంటే చదివేవాడు ఆంప్లిఫయరే అరిగిపోయిందనుకుంటాడు. తమిళంలో మరై అంటే స్క్రూ చుట్టే కాబట్టి చుట్టు అన్న అర్థమే పాతదని, యంత్రం అన్న అర్థం దాన్నుంచి పుట్టిందని నా ఊహ. "మరచీల" అనండి, నిర్దుష్టంగా ఉంటుంది.

ఉక్కునగరం:
"మరచీలనైన" అంటే గణం చెడుతుంది.

కైలాసగిరి:
గణం కోసం అర్థం చెడగొడతారా?

కంచరపాలెం:
షాపులో మరచీల అంటే ఎవడూ ఇవ్వడండీ. "ఎం5 గ్రబ్" అనాలి, అంటే 5 ఎం.ఎం. లావు మర. గుంట 2.5 అయితే మర మామూలుగా ఎం5, గుంట 3 అయితే ఎం6, 4 అయితే ఎం8. ఇది తెలిస్తే కొత్తది కొనడం తేలిక.

ఆశీల్‌మెట్ట:
డ్రిల్లు గురించి కూడా ఒక మాట ఉండాలి, కుర్రాళ్లు ముందు దానికే పోతారు. పోగులు లాగినా, టార్క్స్ వేసినా రాకపోతేనే డ్రిల్లు. ఎడమ తిరుగుడు బిట్ దొరికితే 3 ఎం.ఎం.ది పెట్టి నిదానంగా తిప్పండి. అది కోస్తూనే మరను విప్పే దిక్కుకి తోస్తుంది, చాలాసార్లు మధ్యలోనే మర కదిలి వచ్చేస్తుంది. రాకపోతే ఎం5కి 4 ఎం.ఎం. దాకా పెంచవచ్చు, 4.2 దాటితే దిమ్మలో చుట్లు పోతాయి. బిట్‌కి గ్రీజు పూస్తే పొట్టు దానికే అంటుకుంటుంది. చుట్టుపక్కల సందులన్నీ టేపుతో మూసి, పొట్టుని వాక్యూమ్‌తో లాగాలి. గాలి కొట్టకూడదు. ఒక్క ఇనప పొట్టు వెళ్లి మాస్‌ఫెట్ (లోపలి ట్రాన్సిస్టర్) కాళ్ల మధ్య పడితే, మర తీసిన ఆనందం కరెంటు ఇచ్చేదాకే.

సన్న ఎక్స్‌ట్రాక్టర్లు (అరిగిన మరలోకి దిగి పట్టి తీసే పనిముట్లు) ఈ సైజుకి వద్దు. లోపల విరిగితే దాన్ని మామూలు బిట్ కోయలేదు. కీకి సూపర్‌గ్లూ రాసి అతికించడం కూడా వద్దు, చుట్లలోకి జారితే ఉన్న జబ్బుకి ఇంకోటి తోడవుతుంది. తుప్పు నూనె స్ప్రే కొట్టకండి, సూదిమొనతో ఒక్క చుక్క వేసి పావుగంట ఆగండి. కొన్ని ప్లాస్టిక్ దిమ్మలు ఆ నూనెకి పగుళ్లిస్తాయి. ఇత్తడి దిమ్మ, ఉక్కు మర అయితే సోల్డరింగ్ ఐరన్ ఆనించి వేడి చేయవచ్చు. ఇత్తడి ఉక్కు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. ప్లాస్టిక్ మెత్తబడేలోపు ఆపాలి.

సీతమ్మధార:
కొత్త మర వేశాక మళ్లీ ఇదే గతి పట్టకుండా?

కంచరపాలెం:
వైరు కొనకి సోల్డరు పూయొద్దు. సీసం ఒత్తిడికి మెల్లగా పారుతుంది, నెలలో మర లూజవుద్ది. లూజైతే వేడెక్కుద్ది. అప్పుడు ఇంకా బిగిస్తారు, గుంట పోద్ది. ఫెర్రూల్ (వైరు కొనకి తొడిగే లోహపు గొట్టం) నొక్కి పెట్టండి. రాగిపూత అల్యూమినియం వైరైతే ఇంకా త్వరగా సడలుద్ది. ఏ వైరైనా రెండు రోజులయ్యాక ఒకసారి బిగువు చూడాలి. నల్లమర గట్టిదే గాని మన గాలికి తుప్పు పడతాది. స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదు గాని గుంట మెత్తన. ఉప్పుగాలి ఊళ్లో నేనైతే స్టెయిన్‌లెస్ వేసి, బలం తగ్గించి బిగించమంటాను.

సీతమ్మధార:
చాలా సంతోషం. లోపల "అపసవ్య దిశలో తిప్పండి" అని రాశాను, సరేనా?

ఎర్రమట్టి దిబ్బలు:
సవ్యం అంటే సంస్కృతంలో ఎడమ. ఎడమచేత్తోనూ బాణం వేస్తాడు కాబట్టే అర్జునుడు సవ్యసాచి. ఆ లెక్కన అపసవ్యం అంటే కుడి. జంధ్యం కుడిభుజం మీదికి మారిస్తే అపసవ్యం అంటాం. మీ పేజీ చదివిన పురోహితుల అబ్బాయి మరను ఇంకా బిగిస్తాడు.

కైలాసగిరి:
బడి పుస్తకాల్లో గడియారానికి ఎదురు తిరిగేదే అపసవ్య దిశ. వాడుక స్థిరపడ్డాక ధాతువులు తవ్వకండి.

ఎర్రమట్టి దిబ్బలు:
"అప్రదక్షిణంగా" అంటే గొడవ లేదు.

కంచరపాలెం:
ఎవడూ అప్రదక్షిణం అనడండీ బాబూ. "ఎడమకి తిప్పు" అంటారు.

సీతమ్మధార:
"ఎడమకి" అని మార్చేశాను. శీర్షిక మాత్రం ఇంకా తేలలేదు. తివిరియా, తివిచియా?

ఎర్రమట్టి దిబ్బలు:
ఆగండి. ఎడమకి అంటే కీ పైకొన ఎడమకా, కిందికొన ఎడమకా? సీటు కింద ఆంప్లిఫయర్ తలకిందులుగా బిగించి ఉంటే?