12 రోజులైనా తగ్గని సైనస్ నొప్పి: యాంటీబయాటిక్ వాడక తప్పదా?

జలుబుతో మొదలైన నా సైనస్ బాధకు నేటికి 12 రోజులు. ఆరో రోజుకు దాదాపు తగ్గినట్టే అనిపించి, ఎనిమిదో రోజు నుంచి మళ్లీ కుడి చెంప ఎముక కింద బరువు, పై పళ్లలో సలుపు, చిక్కటి పసుపుపచ్చ చీమిడి మొదలయ్యాయి. ముందుకు వంగితే నొప్పి మరీ ఎక్కువవుతోంది. పంటి నొప్పేమోనని మొదట దంతవైద్యుని దగ్గరికే వెళ్లాను, పళ్లలో లోపమేమీ లేదన్నారు.

సైనసైటిస్ (సైనస్‌ల వాపు) ఎక్కువగా వైరస్ వల్లే వస్తుందనీ, దానిపై యాంటీబయాటిక్ పనిచేయదనీ తెలుసు కనుక, ఇన్నాళ్లూ పారాసిటమాల్‌తోనూ, మరిగించి చల్లార్చిన నీటిలో ఉప్పు కలిపి ముక్కు కడుక్కోవడంతోనూ నెట్టుకొచ్చాను. ముక్కు దిబ్బడ తగ్గించే ఆక్సీమెటాజోలిన్ స్ప్రేను ఎక్కువ రోజులు వాడితే ముక్కు మరింత బిగుసుకుంటుందని మూడో రోజే ఆపేశాను. ఆపడం తేలిక కాలేదు, అది వేరే సంగతి.

అయితే 10 రోజులు దాటినా, తగ్గి మళ్లీ ముదిరినా బాక్టీరియా చేరి ఉండవచ్చని చదివాను. జ్వరం, కంటి చుట్టూ వాపు, చూపులో తేడా ఏవీ లేవు కాబట్టి అత్యవసరం కాదనుకుని ఎల్లుండికి ఈఎన్‌టీ వైద్యుని అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఈ స్థితిని దాటినవారు దయచేసి చెప్పగలరా: మీకు యాంటీబయాటిక్ అవసరమైందా, ముక్కులో వాపు తగ్గించే స్టెరాయిడ్ స్ప్రేతోనే సరిపోయిందా? అప్పటిదాకా, పడుకోగానే పెరిగే ఈ ఒత్తిడికి తల ఎత్తుగా పెట్టుకోవడం కాక ఇంకేమైనా ఉపాయముందా?