ఉదయగిరి మెట్టలో గోధుమ: కంకి తీసింది, గింజ నిండలేదు

మెట్టసేద్యం_ఉదయగిరి:
ఇండోర్ వైపు లారీ తోలే మా బావ రెండు కిలోల గోధుమలు తెచ్చిస్తే, వానలు వెనకబట్టాక డిసెంబరు ఆఖర్లో బోరు కింద ఐదు సెంట్లలో చల్లా. మొలక బాగుంది, పిలకలే రెండో మూడో. ఫిబ్రవరి ఆఖర్లో కంకి తీసింది. పాలు పోసుకునే సరికి ఎండ ముదిరింది. నలిపి చూస్తే గింజ జీలకర్ర మాదిరి ఉంది. ఆకు తుడిస్తే తువాలుకి ఇటుకపొడి అంటుకుంది. ఎక్కడ తప్పిందబ్బా?

శనగచేలు_ఒంగోలు:
పిలక కట్టే మొదటి నెలలో గోధుమకి చలి కావాలన్నా. మన జనవరికి దుప్పటి కూడా అక్కర్లేదు. పైగా మీరు వేసింది తిండి గింజ, ఏ రకమో ఎవరికి తెలుసు? ఆలస్యంగా విత్తడానికే తీసిన రకాలు వేరే ఉన్నాయి. దక్షిణాదికైతే హెచ్‌డి 2932, రాజ్ 4083. అసలు నన్నడిగితే శనగ వేసుకోండి. అందులోనూ ఎండకి తట్టుకునే జేజీ 14 ఉంది.

పాత_ఏజీ_స్టూడెంట్:
ఉత్తరాదిలో వరి, చెరకు తీసి పొలం ఖాళీ అయ్యేసరికి డిసెంబరు వచ్చేస్తుంది. ఆలస్యపు రకాల అవసరం అక్కడ పుట్టింది. వేడికి తట్టుకునేది ఏదో తేల్చడానికి అవే వంగడాలను నవంబరులో ఒకసారి, నెల దాటాక ఇంకోసారి విత్తుతారు. మొదటి విత్తుతో పోలిస్తే రెండో విత్తులో వెయ్యి గింజల తూకం ఏ వంగడానికి పెద్దగా తగ్గదో అది పాసు. వేడికి గింజలో పిండి చేరే రోజులు తగ్గిపోతాయి, మీ జీలకర్ర కథ అదే. 2022 మార్చి ఎండలకి ఉత్తరాదిలోనే దిగుబడి పడిపోయి, మే 13న ఎగుమతులు ఆపేశారు.

ఆ ఇటుకపొడి తుప్పు తెగులులాగే ఉంది, చూడకుండా గట్టిగా చెప్పలేను. నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో పరిశోధన కేంద్రం చూశా. తెగులుకి తేలిగ్గా లొంగే రకాన్ని కావాలనే చుట్టూ వరసలుగా వేస్తారు. అది ఎర్రగా మాడిపోతుంటే, మధ్యలో పచ్చగా నిలిచిన మొక్కనే విత్తనానికి ఉంచుతారు. తుప్పుని ఆపడానికి ఒక్క జన్యువుని నమ్ముకుంటే కష్టం. ప్రపంచమంతా వాడిన ఎస్‌ఆర్ 31 అనే జన్యువుని ఉగాండాలో బయటపడ్డ యూజీ 99 తుప్పు దాటేసింది.

తీరంగాలి_కావలి:
ఇంకో ముచ్చట. నీలగిరి, పళని కొండల్లో నల్ల తుప్పు ఏడాదంతా బతికే ఉంటుంది. నవంబరులో మన బంగాళాఖాతంలో పట్టిన వాయుగుండం మధ్య భారతం దాకా పోయి చల్లారితే, ఆ గాలిలో బీజాలు అంతదూరం పోయి వానతో చేలో దిగుతాయి.

మెట్టసేద్యం_ఉదయగిరి:
మనకి ముసురు పడితే ఇండోర్ గోధుమకి జబ్బా! బావకి చెప్తే నవ్వాడు. నవంబరులో విత్తుదామంటే మనకి అప్పుడే వానలాయె. సరే, ఈసారి రాజ్ 4083 విత్తనం కిలో దొరికితే రెండున్నర సెంట్లు. మిగతాది శనగే. ఎవరి దగ్గరన్నా ఉంటే చెప్పండి.