రోడ్‌కింగ్ డర్ట్ బిల్డ్: పాత క్రాంకా, కొత్త నకలా?

గురివింద250: యెజ్డీ రోడ్‌కింగ్ బైకును మట్టిబాటలకు కడుతున్నాను. ఫ్రేము, ఆర్సీ సరిగ్గా ఉన్నాయి. క్రాంక్ (పిస్టన్ పోటును తిరుగుడుగా మార్చే ఇరుసు) మాత్రం పాడైపోయింది. ఈ బండి చేసిన మైసూరు ఐడియల్ జావా 1996లో మూతపడింది కాబట్టి కంపెనీ సరుకు ఆశ లేదు. చెన్నై పుదుపేటలో వాడిన క్రాంక్ కొనడమా, ఢిల్లీ కరోల్‌బాగ్ నుంచి కొత్త నకలు తెప్పించడమా?

సైలెన్సర్ బాబాయ్: పాతదే కొనండి. కాన్‌రాడ్ (పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కడ్డీ), దాని పిన్ను, బేరింగు ఎలాగూ కొత్త కిట్ వేస్తారు, మీరు కొనేది క్రాంకులోని రెండు బరువు చక్రాల ఇనుమునే. పిన్ను కూర్చునే రంధ్రం చూడండి. రెండు మూడుసార్లు ప్రెస్‌లో ఊడదీసిన చక్రంలో అది వదులవుతుంది. పిన్ను పక్కన వెల్డింగు చుక్క ఉందంటే ఆ వదులును దాచినట్టే. అక్కడే పెట్టేసి వచ్చేయండి.

కృష్ణాతీరం: నేను ఒప్పుకోను బాబాయ్. డర్ట్‌లో బండి ఎగిరి దిగగానే వెనక చక్రం ఒక్కసారిగా నేలను పడుతుంది. ఆ దెబ్బంతా చైను మీదుగా క్రాంకుకే. పిన్ను ఏమాత్రం వదులున్నా క్రాంకు చక్రాలు రెండూ వరుస తప్పుతాయి. కొత్తదాంట్లో బిగువు ఉంటుంది. కాకపోతే పెట్టెలోంచి తీసి నేరుగా వేసేయకూడదు. వి బ్లాకుల (వి ఆకారపు గాడి దిమ్మెలు) మీద పెట్టి, తిప్పుతూ డయల్ గేజ్‌తో వంకర ఎంతో చూడాలి. 0.03 మి.మీ. లోపైతే సరే. 0.10 చూపిస్తే లేత్ దగ్గర రాగి సుత్తితో దారికి తెచ్చాకే వేయాలి.

సైలెన్సర్ బాబాయ్: ఆ సుత్తి పని పాతదానికీ అంతే కదా! నకళ్లలో నా భయం షాఫ్టు కొలత. మెయిన్ బేరింగు షాఫ్టు మీదికి చేత్తోనే జారిపోతే తిప్పి పంపేయండి. బేరింగు షాఫ్టు మీదే తిరిగితే ఆయిల్ సీల్ అంచు అరిగి గాలి లాగుతుంది, పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడి పిస్టన్ పట్టేస్తుంది. తప్పు ఇక్కడుంటే జనం కార్బురేటర్ జెట్లు మారుస్తూ కూర్చుంటారు.

ఆటోనగర్ వాసి: ఇద్దరూ క్రాంక్ దగ్గరే ఆగిపోయారు. ముందు చాంబర్, అంటే క్రాంక్ కూర్చునే ఇంజన్ పెట్టె, చూడాలి. బేరింగు గూడు చుట్టూ సెంటర్ పంచ్‌తో (మొనదేలిన ఉలి) కొట్టిన చుక్కలుంటే గూడు వదులని అర్థం, అందులో ఏ క్రాంక్ వేసినా దండగే. వేరే చాంబర్ కొంటే కుడి ఎడమలు జతగానే కొనండి. ఇంజన్ నంబరు మీద ఆకురాయి గీతలుంటే ముట్టుకోవద్దు, దొంగబండిది కావచ్చు. బ్లాకు (సిలిండర్) స్టాండర్డ్ బోరు, అంటే లోవ్యాసం, 65 మి.మీ. పైన, మధ్యలో, కింద రెండు దిక్కులా కొలిచి, తర్వాతి సైజు పిస్టన్ దొరుకుతుందని తేలాకే డబ్బివ్వండి. స్పోకులు, చైను, సీళ్లు పాతవి ఊరికే ఇచ్చినా వద్దు.

గురివింద250: చూశాను అన్నా. కుడివైపు గూడు చుట్టూ నాలుగు చుక్కలున్నాయి.

కృష్ణాతీరం: అయితే క్రాంక్ బేరం ఆపండి. గూడుకు బుష్ (లోహపు తొడుగు) వేయించి, రెండు చాంబర్లూ కలిపి బిగించి ఒకే వరుసలో బోరు కొట్టించండి.

సైలెన్సర్ బాబాయ్: ఈ మాట ఒప్పుకుంటాను. బుష్ లోకొలత కొత్త బేరింగు చేతిలో పెట్టి మరీ తీయించండి.